చల్లగోడ

ఏప్రిల్ 28

ఈ పుస్తకంలో రోజూ మూడే అంకెలు రాయాలి: దిగిన బిల్లలు, ఎక్కిన బిల్లలు, పైన ఎండ. నీడ శాఖవాళ్లు పుస్తకంతో పాటు ఇచ్చిన కాగితంలో అంతే ఉంది. కానీ ఇంత పెద్ద పేజీ ఇచ్చి మూడంకెలు రాయమంటే నా చేయి ఊరుకోదు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే వచ్చే ఏడు సన్నపేజీలు అచ్చువేయించుకోవచ్చు.

ఉదయం ఆరున్నరకు సైరన్ వేశాను. ఏడు కొట్టేసరికి నల్లబోడు కాలనీ అంతా నేను చూసుకునే ల్యాంపు రూం కిటికీ ముందు వరుస కట్టింది. టిఫిన్ గిన్నెలు, చాపలు, పిల్లల పుస్తకాలు, ఒక కుట్టుమిషను. మా తాతల కాలంలో ఇదే కిటికీ దగ్గర మగవాళ్లు బొగ్గెత్తే తట్టా, చెమ్మస్ పారా పట్టుకుని నిలబడేవారట. గనిని మేము బాయి అంటాం. ఆడవాళ్లు బాయిలో దిగితే అరిష్టమని అప్పట్లో గడప తొక్కనిచ్చేవారు కాదు. ఇప్పుడు ఈ ఎండలకు ఉగాది నుంచి మృగశిర దాకా పగటిపూట పైన ఉండటమే అరిష్టం. బొగ్గు తీయడం ఆపి నలభై రెండేళ్లయింది. బొగ్గు పోయినా చల్లదనం మిగిలింది, మేము దాన్నే తోడుకుంటున్నాం.

ప్రతి మనిషికీ నంబరు వేసిన ఇత్తడి బిల్ల ఒకటి, బోర్డు మీద దానికో కొక్కెం. దిగేటప్పుడు ఎవరి బిల్ల వారే తీసుకుపోవాలి, ఎక్కాక ఎవరిది వారే తగిలించాలి. ఇంకొకరి బిల్ల ముట్టుకోవడం మా దగ్గర తప్పు. బోర్డు పైవరుసలో పదకొండు కొక్కేలు ఎప్పుడూ ఖాళీ. ఆ బిల్లలు పట్టుకుని దిగినవాళ్లు ఎక్కలేదు. దసరాకు ఆ కొక్కేలకు పసుపు కుంకుమ పెడతాం.

మా తమ్ముడు తిరుపతి బిడ్డకు ఈ రోజు కొత్త బిల్ల వచ్చింది, 312. పసిది పుట్టి రెండే రోజులు, పేరు కూడా పెట్టలేదు, నంబరు మాత్రం వచ్చేసింది. తిరుపతి పైరవీ చేసి పెళ్లాం రవళికి చల్లగోడ పక్కన చోటు సంపాదించాడు. బాయి అడుగున తూర్పువైపు ఉండే ఆ గోడ నిరుటి నుంచి మరీ చల్లగా ఉంటోంది. బాలింతలకు, ముసలివాళ్లకు, బడి పిల్లలకు అక్కడే చోటు. మిగతావాళ్లు ఒకరి మీద ఒకరు కుళ్లుకుంటూ దూరంగా సర్దుకుంటారు.

దిగినవి 294. ఎక్కినవి 294. ఎండ 49.

మే 2

ఈ రోజు డ్రిల్లు.

నీడాధికారి భార్గవ్ సారు పట్నం మనిషి, ముప్పై దాటలేదు. ప్రమాద సైరన్ మోగితే ఎంతసేపట్లో బాయి ఖాళీ అవుతుందో చూడాలన్నారు. పదకొండింటికి నేను పెద్ద సైరన్ వేశాను, ఆగి ఆగి, ఆగి ఆగి. ముందే చెప్పాం కూడా, ఇది ఉత్తుత్తి సైరన్ అని.

పైన పంపు దగ్గర, ట్యాంకుల దగ్గర పనిచేసేవాళ్లు చేతిలో పని వదిలేసి బాయి మూతి దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. ఆరుగురు నేను అరుస్తున్నా వినకుండా లోపలికి దిగిపోయారు. కింద ఆడవాళ్లు బయటికి కాదు, బడి ఉన్నవైపు పరుగెత్తారు. బడి పిల్లలు తల్లులున్నవైపు. ఏటవాలు దారి నడి మలుపులో దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు గుద్దుకుని ఎక్కడివాళ్లు అక్కడ ఇరుక్కుపోయారు. బుచ్చమ్మవ్వ మణికట్టు విరిగింది.

"ఇదేంటి మేడమ్! బయటికి పొమ్మంటే లోపలికి పరుగెత్తుతారా?" అన్నారు భార్గవ్ సారు, చెమట తుడుచుకుంటూ.

పక్కనే ఉన్న ఓదేలు పెద్దబాపు చెప్పాడు. నాకు వరసకు పెదనాన్న, ఎనభై ఒక్కేళ్లు. ఈ బాయిలో బొగ్గు తీసినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. అప్పట్లో షిఫ్టు సర్దార్, అంటే మనుషులను దింపి ఎక్కించే పెద్ద, ఇప్పటికీ అందరికీ సర్దారే.

"సారూ, గా సైరన్ మోగితె మా కాళ్లు బాయి దిక్కే ఉరుకుతయ్. మా మనిషి ఎక్కిండా లేదా సూసుకోవాలె గదా. మా అమ్మలు గట్లనే ఉరికిండ్రు, మాకూ గదే వచ్చింది."

భార్గవ్ సారు రిపోర్టులో 'శిక్షణ అవసరం' అని రాసుకున్నారు. నాలుగు తరాల అలవాటుకు ఎన్ని క్లాసులు చెబుతారో చూడాలి.

దిగినవి 296. ఎక్కినవి 296. ఎండ 50.

మే 5

ఎలుకలు కనబడటం లేదని పిల్లలు చెప్పారు.

బాయి ఎలుకలకు మా టిఫిన్లతో తరాల స్నేహం. పాతకాలంలో గని కార్మికులు సద్ది తినేటప్పుడు వాటికి ఒక ముద్ద పడేసేవారట. ఎలుకలున్నచోట కప్పు నమ్మకంగా ఉన్నట్టు. ఇప్పుడు పిల్లలు వాటికి పేర్లు పెట్టి రొట్టెముక్కలు వేస్తారు. మూడు రోజులుగా వేసిన ముక్కలు వేసినచోటే ఉన్నాయట.

సాయంత్రం ఎక్కుతున్న రవళిని ఆపి అడిగాను. "గోడకు చెమట వట్టినట్టున్నది వదినె. పసిదాని గుడ్డలు ఆరేస్తె ఆర్తలేవు," అంది.

ఓదేలు పెద్దబాపు ఎప్పుడూ అందరికన్నా వెనక ఎక్కుతాడు. సర్దార్ ముందు దిగాలి, వెనక ఎక్కాలి అని ఆయన లెక్క. బిల్ల 47 కొక్కేనికి తగిలించి, అది ఊగడం ఆగేదాకా చూసి గానీ కదలడు. ఎలుకల సంగతి చెప్పాను.

"ఎండలు బిడ్డా. గవ్విటికి మాత్రం ఎండ తగలదా?" అన్నాడు.

నా మొహం చూడలేదు. బాయి అడుగున ఎండ ఎక్కడిది? నేనంతకు మించి అడగలేదు, అడిగి ఉండాల్సింది.

దిగినవి 295. ఎక్కినవి 295. ఎండ 50.

మే 7

గోడలకు చెవులుంటాయంటారు. మా గోడలకు నిజంగానే ఉన్నాయి, నూట అరవై. నీడ శాఖవాళ్లు కప్పుకు, గోడలకు అంటించిన యంత్రాలవి. రాయి ఎక్కడ గుసగుసలాడినా పైన తెర మీద ఎరుపు వెలుగుతుంది. మూడేళ్లలో ఒక్కసారీ వెలగలేదు.

భార్గవ్ సారు దగ్గరికి పోయి ఎలుకలు, చెమట, అన్నీ చెప్పాను. ఆయన ఎగతాళి చేయలేదు, అది మెచ్చుకోవాలి. పాత నక్షా తెర మీద పెద్దది చేసి చూపించారు. చల్లగోడ అవతల పాత బాయి ఉంది. అది మా బాయికన్నా ముందు మూతపడింది. నిరుడు వానల్లో నీడ శాఖ దాన్ని నీళ్లతో నింపింది. ఆ నీళ్ల చలువే మా గోడకు వస్తోంది. రెండు బాయిల మధ్య ముప్పై మీటర్ల బొగ్గు ముట్టుకోకుండా వదిలారు. నక్షాలో అది నల్లగా, నిండుగా ఉంది.

"ముప్పై మీటర్లు మేడమ్. కొంచెం తేమ వస్తుంది, సహజం."

"గోడ లోపల చెవులున్నాయా సార్?"

"గట్టి బొగ్గులో ఎందుకు పెడతారు? ఖాళీలు ఉన్నచోటే కదా పెట్టేది."

"ఒక వారం మూసి చూస్తే..."

ఆయన కిటికీలోంచి బయటికి చూపించారు. గేటు దగ్గర ఇనుప రేకు మీద పొద్దున ఎవరో పెట్టిన అప్పడాలు వేగినట్టు ఉబ్బి ఉన్నాయి. "నిన్న పక్క మండలంలో కరెంటు పోయి నీడశాల ఆగింది. సాయంత్రానికి తొమ్మిదిమంది. నేను ఈ బాయి మూస్తే ఎంతమంది పోతారో మీరే చెప్పండి. చెమట పట్టిందని మూయనా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి అనే మాట మాలాంటివాళ్లను చూసే పుట్టి ఉంటుంది. భయంగా ఉంది. ఎవరికి చెప్పినా నా భయం నాకే తిరిగి వస్తోంది.

దిగినవి 297. ఎక్కినవి 297. ఎండ 51.

మే 9

మధ్యాహ్నం కిందికి ఫోన్ చేసి ఓదేలు పెద్దబాపును పిలిపించాను. బాయిలో మూడు ఫోన్లున్నాయి: మొదటి మలుపు, నడి మలుపు, అడుగు. ఆయన అడుగునే ఉంటాడు. ఏడాదిగా రోజూ చల్లగోడకు వీపు ఆనించి కూర్చుంటాడు. ముసలాయనకు చలువ కావాలి కదా అనుకునేవాళ్లం.

"పెద్దబాపు, నీ కర్రతోని ఆ గోడ ఒకసారి కొట్టి చూడరాదు?"

సర్దార్ కర్ర చివర ఇత్తడి పొన్ను ఉంటుంది. దానితో కప్పును తడితే గట్టి రాయి ఖంగుమంటుంది, లోపల వదులైతే డొల్లగా పలుకుతుంది. ఆ తేడా యంత్రం చెప్పేదానికన్నా ముందే ఆయన చెవికి తెలుస్తుంది. పిల్లలకు కథలు చెప్పేటప్పుడు కూడా కప్పు తట్టందే కూర్చోడు.

"గోడను గొట్టుడేంది బిడ్డా, కప్పును గదా కొట్టేది," అన్నాడు. "రేపు సూస్త," అని పెట్టేశాడు.

ల్యాంపు రూంలో మా బాపు ఫొటో ఉంది. కొమురయ్య, సర్వే చైన్‌మన్. నక్షా గీసే ఆఫీసరు వెనక గొలుసు పట్టుకుని బాయి అంతా కొలిచిన మనిషి. ఆ ఫొటో వంక చూసి, నువ్వు కొలిచిందే కదా బాపూ, నేనెందుకు భయపడాలి అనుకున్నాను. కొంచెం ధైర్యం వచ్చింది కూడా.

దిగినవి 296. ఎక్కినవి 296. ఎండ 51.

మే 12

నిన్న రాయలేదు. నిన్నటిది ఈ రోజు రాస్తున్నాను. గంటలు నిమిషాలతో సహా రాస్తాను, ఎందుకంటే అడుగుతారు.

నిన్న పొద్దున 297 మంది దిగారు. పదకొండున్నరకు తమ్ముడు అడుగు నుంచి ఫోన్ చేశాడు.

"అక్కా, గోడకెంచి నీళ్లు గార్తున్నయ్. ఎర్రగున్నయ్."

బోర్డు పక్కన సుద్దతో 297ను 298 చేసి, తలుపు గొళ్లెం పెట్టి, నా బిల్ల 214 తీసి చెంగున ముడేసుకుని దిగాను. మామూలుగా నేను దిగను, పైన ఒకరు ఉండాలి కదా. ఏటవాలు దారిలో అడుగుకు పావుగంట. సున్నం కొట్టిన చల్లగోడ మీద మూడుచోట్ల తుప్పునీళ్లు సన్నగా జారుతున్నాయి. వేలు పెట్టి నాకి చూశాను, ఇనుప రుచి. కొత్త నీటికి ఆ రుచి ఉండదు. ఏళ్లుగా మూలకు పడి ఉన్న ఇనుమును ముట్టుకుని వచ్చిన నీరు అది. పది అడుగుల దూరంలో రవళి పసిదాన్ని ఒళ్లో వేసుకుని నిద్రపోతోంది. ఆ పక్కన బడి పిల్లలు పన్నెండో ఎక్కం దగ్గర ఉన్నారు.

ఓదేలు పెద్దబాపు గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, కర్ర ఎత్తి, పొన్నుతో గోడను ఒక్కసారి కొట్టాడు. డొల్ల. చదువురాని చెవికి కూడా తెలిసేంత డొల్ల.

"పెద్దబాపు, ముప్పై మీటర్ల గోడ..."

"ముప్పై గాదు బిడ్డా. ఆరు. శానయితె ఏడు."

నేను నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాను.

"గప్పట్ల ఒక యాడాది టార్గెట్ అందకపోతె బాయి మూస్తమన్నరు," అన్నాడు, పిల్లలకు వినబడకుండా. "మూడొందల ఇండ్లు ఆగమైతయ్. దగ్గర్ల బొగ్గేడున్నది? ఈ గోడలనే ఉన్నది. ఐదుగురం మూడు నెలలు మూడు గదులంత తీసినం. తీసినంక ఇటుక గట్టి సున్నమేసినం. అవతల బాయి గప్పుడు ఎండిపోయి ఉండె. అండ్ల నీళ్లు వోస్తరని ఎవలకెరుక?"

"నక్షాలో ఎందుకు లేదు మరి?"

"గొలుసు వట్టింది మీ బాపు."

ఆ మాట విన్నప్పుడు నాకు బాధ కలగలేదు, కోపం వచ్చింది. ఆ గోడకు బాలింతలను ఆనించి కూర్చోబెట్టిన ఏడాదంతా ఈ మనిషికి తెలుసు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" గట్టిగానే అన్నాను.

"బాయిల మాట బాయిలనే అని ఒట్టేసుకున్నం. నలుగురు ఒట్టు మీదనే పోయిండ్రు. నీళ్లు నింపిన కాడికెంచి రోజు వీపానిచ్చి ఇంటున్న. ఆగుతదనుకున్న. సెప్తె మీ బాపును, నన్ను, సచ్చినోళ్లందర్ని దొంగలంటరని..." కర్ర కిందికి దించాడు. "నాదే తప్పు బిడ్డా. తిట్టుడు తర్వాత తిట్టు. ముందుగాల మందిని ఎక్కియ్యి."

అడుగు ఫోన్లోంచి భార్గవ్ సారుకు చెప్పాను. తెర పచ్చగానే ఉందన్నారు. ఆరు మీటర్లని మళ్లీ చెబితే మాట తడబడింది. "పై ఆఫీసుకు అడుగుతాను, మీరు ఆగండి," అన్నారు. ఆగడానికి గోడ ఒప్పుకోవాలి కదా.

పెద్ద సైరన్ వేయడానికి లేదు. డ్రిల్లులో చూశాం: బయటివాళ్లు లోపలికి, లోపలివాళ్లు ఇంకా లోపలికి. ఓదేలు పెద్దబాపే దారి చెప్పాడు.

"షిఫ్టు సైరన్ గొట్టు. నిమ్మలంగ ఎక్కుతరు. కిందున్నోళ్లకు పొద్దేం తెలుస్తది?"

నిజమే. బాయిలో సైరన్ ఎప్పుడు మోగితే అప్పుడే పొద్దు గూకినట్టు. నిప్పురవ్వ భయానికి సెల్‌ఫోన్లు, చేతి గడియారాలు కిందికి పోనివ్వం, గోడ గడియారం ఒక్కటే ఉంది, బడి దగ్గర. దాన్ని ఆయన తీసి పంచెలో చుట్టేశాడు. నాకు నలభై ఆరేళ్లు, మోకాళ్లు అరిగిపోయాయి. ఎలా ఎక్కానో తెలియదు. మధ్యలో రెండుసార్లు కూర్చుండిపోయాను.

ఒంటిగంటా పదికి షిఫ్టు సైరన్ వేశాను, ఒకే ఒక పొడుగు కూత. రోజూ సాయంత్రం ఆరుమ్ముప్పావుకు వేసేది. భార్గవ్ సారు పరుగున వచ్చి "ఎవరు చెప్పారు వేయమని?" అని అరిచారు. నేను మీట మీది నుంచి చేయి తీయలేదు.

కింద జరిగింది తర్వాత తమ్ముడు చెప్పాడు. జనం ఆవులించి చాపలు చుట్టారట. ఎవరో "ఇయ్యాల పొద్దు జల్ది వోయింది" అన్నారట. కుట్టుమిషను కూడా ఎత్తుకున్నారట. ఓదేలు పెద్దబాపు బడి పిల్లలను ముందు నడిపించి, రవళిని వాళ్ల వెనక పంపి, మిగతావాళ్ల చేత ముచ్చట్లు చెప్పిస్తూ చెప్పిస్తూ ఎక్కించాడట. ఒక్కరూ పరుగెత్తలేదు.

మూతి దగ్గర మొదటి పిల్ల ఎండలోకి అడుగు పెట్టి కెవ్వుమంది. యాభై ఒక్క డిగ్రీలు. కాళ్లకు చెప్పులున్నా నేల కాలింది. "అక్కా, నీకేమన్న పిచ్చి లేసిందా, పొద్దు నడినెత్తిన ఉన్నది!" అని అరిచారు. కొందరు వెనక్కి తిరగబోయారు. నేను మూతికి అడ్డంగా నిలబడి చేతులు జోడించాను, దండం పెట్టాను, బూతులు కూడా తిట్టాను. భార్గవ్ సారు ఒక నిమిషం నన్ను చూశారు. ఆ తర్వాత ఆయనే నీళ్ల ట్యాంకరు తెప్పించి పాత బొగ్గు బంకరు కింద నేలంతా తడిపించారు. నాకు తోచని పని అది. జనం తడి చీరలు కప్పుకుని ఆ నీడలో కుక్కుకుని కూర్చున్నారు. రవళి పసిదాన్ని తడి తువాలులో చుట్టి దాని నోట్లో తడి వేలు పెట్టింది.

ఎండకు తాళలేక ఎవరూ బిల్లలు కొక్కేలకు తగిలించలేదు. కిటికీ గట్టు మీద కుప్పపోసి పరుగెత్తారు. ఇంత తొక్కిసలాటలో ఇది తప్పదనుకున్నాను. ఒంటిగంటా యాభైకి చివరివాడుగా ఓదేలు పెద్దబాపు ఎక్కాడు. ఆయన మాత్రం తన 47ను దాని కొక్కేనికే తగిలించి, ఊగడం ఆగేదాకా చూశాడు.

"లెక్క?" అన్నాడు.

కుప్ప లెక్కపెట్టాను. 296. ఆయనదొకటి, 297. బోర్డు పక్కన సుద్ద లెక్కలో దిగినవి 298. మళ్లీ లెక్కపెట్టాను, 296.

"ఒకటి తక్కువుంది! ఎవరో ఒకరు ఎక్కలేదు!" అని అరిచాను.

లెక్క ముందు చెప్పాను, నంబర్లు తర్వాత చూశాను. ముందు నంబర్లు చూసి ఉంటే ఈ పుట ఇక్కడితో ఆగిపోయేది.

తల్లులు పిల్లలను తడుముకోవడం మొదలుపెట్టారు. నేను కుప్పలోంచి ఒక్కొక్క బిల్ల తీసి కొక్కేలకు వేస్తున్నాను. ఎవరి బిల్ల వారే ముట్టుకోవాలన్న మాట అప్పుడు ఎవరికి గుర్తు? నూటా యాభై దాటాక తల ఎత్తితే ఓదేలు పెద్దబాపు లేడు.

"సర్దార్ దిగిండు," అన్నాడు తమ్ముడు. "ఆపబోతె కర్ర లేపిండు. లెక్క కుదరక ముందు సర్దార్ బయట నిలబడడట."

గబగబా వేశాను. 212 ఉంది. 213 ఉంది. 214 కొక్కెం ఖాళీ. ఆ నంబరు ఎవరిదా అని నిజంగానే ఒక క్షణం ఆలోచించాను. నా చేయి దానంతటదే చెంగు దగ్గరికి పోయింది.

ముడి విప్పితే అది నా చెమటకు తడిసి ఉంది.

ఫోన్ మొదటి మలుపుకు కొట్టాను, ఎత్తలేదు. నడి మలుపు, ఎత్తలేదు. అడుగుకు కొట్టాను. పదమూడో మోతకు ఎత్తాడు. వెనక నీళ్ల చప్పుడు, సన్నది కాదు.

"పెద్దబాపు, ఎక్కు! ఎవ్వరూ లేరు. ఆ బిల్ల నాదే. నా చెంగులనే ఉన్నది. నేనే మర్చిపోయిన!"

ఆయన ఊపిరి వినబడింది. తర్వాత నవ్వు. కోపం లేదు అందులో, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

"నీ చెంగులనే ఉన్నదా? పెయ్యంత చెమటలు వట్టిచ్చినవు గదనే. మూలమూల సూసిన. పసిదాని ఉయ్యాల గుడ్డ ఒకటి దొరికింది, గంతె."

"గుడ్డ వదిలెయ్యి, ఎక్కు!"

"లెక్క కుదిరిందా?"

"కుదిరింది పెద్దబాపు. కుదిరింది, ఎక్కు..."

"అయితె మంచిదే," అన్నాడు.

ఫోన్ ఆగిపోయింది. నేను హలో హలో అంటుండగానే బాయి మూతిలోంచి గాలి వచ్చింది. ముందు గాలే వచ్చింది, చల్లటి గాలి, తుప్పు వాసనతో. బంకరు కింద ఎండకు సొమ్మసిల్లిన జనం ఆ చల్లదనానికి మొహాలు అటు తిప్పారు. ఒక పిల్ల "హాయిగా ఉంది" అంది. ఆ తర్వాత నేల కింద పెద్ద చప్పుడు, దాని వెనక నీళ్లు. సాయంత్రానికి మొదటి మలుపు దాకా నిండాయి.

భార్గవ్ సారు తెర మీద అప్పుడు నూట అరవై చెవులూ ఒకేసారి ఎర్రగా వెలిగాయట.

మే 14

జనాన్ని నిన్న రాత్రి రైలు పెట్టెల్లో వేరే ఊరి బాయికి పంపారు. బుచ్చమ్మవ్వకు వడదెబ్బ తగిలింది, కోలుకుంటోంది. పసిది బాగుంది. మూతి దగ్గర నీళ్లు తోడే పంపులు పెట్టారు. నెల పడుతుందంటున్నారు. నేనూ నలుగురు పంపు మనుషులూ మిగిలాం.

పొద్దున భార్గవ్ సారు వచ్చి బోర్డు ముందు నిలబడ్డారు. రెండు రోజులుగా ఆయనా నిద్రపోలేదు, కళ్లు వాచి ఉన్నాయి. నా బిల్ల కూడా తగిలించాక ఆ బోర్డు నిండుగా ఉంది, పాత పదకొండు తప్ప.

"పై ఆఫీసుకు రిపోర్టు వెళ్లాలి," అన్నారు మెల్లగా. "బోర్డు ప్రకారం దిగినవాళ్లంతా ఎక్కారు. ఓదేలు గారు రెండోసారి బిల్ల లేకుండా దిగారు. రికార్డు ప్రకారం ఆయన లోపల లేనట్టే. గోడ సంగతి సహజ కారణం అని పెట్టొచ్చు. మీ నాన్నగారి పేరు రాదు. మీ బిల్ల విషయమూ రాదు. మీరు మూడొందల మందిని కాపాడారు మేడమ్, ఎందుకు మీకీ..."

ఆయన నా మేలు కోరే అన్నారు. ఒక క్షణం నాకూ ఆశ పుట్టింది, అది దాచను. మా బాపు ఫొటో ఎదురుగానే ఉంది.

"ఇలాంటి బాయిల్లో ఇంకా ఎక్కడెక్కడ జనం దిగుతున్నారు సార్?"

"మన జోన్‌లో పదకొండు."

"మా కాలనీని పంపిన బాయి కూడా అందులోదేనా?"

ఆయన తలూపారు.

"అక్కడా టార్గెట్లు ఉండే ఉంటాయి. అక్కడా ఎవరో ఒకరు గొలుసు పట్టే ఉంటారు. ఆ గోడలకు ఆనుకుని ఈ పూట ఎవరు కూర్చున్నారో చెప్పండి సార్."

పాత నక్షా కాగితం తీసుకుని ఎర్ర పెన్సిలుతో చల్లగోడలో మూడు గదులు గీశాను. ముప్పైని కొట్టేసి ఆరు అని రాశాను. పక్కన 'తీసినవారు ఐదుగురు, సర్దార్ గుంటి ఓదేలు. కొలవనిది చైన్‌మన్ దుర్గం కొమురయ్య. రాసింది ఆయన కూతురు స్వరూప' అని సంతకం పెట్టాను. సారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. ఫోన్ తీసి, మిగతా పదకొండు బాయిల్లో అన్ని గోడలూ కర్రతో తట్టించమని, అంతదాకా గోడల దగ్గర ఎవరినీ ఉంచొద్దని చెప్పడం నేను విన్నాను. అవతలివాళ్లు ఏమన్నారో వినబడలేదు. ఆయన గొంతు మాత్రం పెద్దదైంది.

ఆయన వెళ్లాక బోర్డు దగ్గరికి పోయాను. ఎవరి బిల్ల వారే ముట్టుకోవాలి. కానీ 47 అక్కడే వేలాడుతూ ఉంటే ఆ మనిషి ఎక్కినట్టు లెక్క. దాన్ని తీశాను. ఇత్తడి పలచబడి, అంచులు అరిగి, నంబరు వేలికి తగిలితే గానీ తెలియడం లేదు. చెంగున ముడేసుకోబోయి, భయమేసి, ఈ పుస్తకం పుటల మధ్య పెట్టాను.

మే 11 లెక్క సరిచేసి రాస్తున్నాను.

దిగినవారు 298. ఎక్కినవారు 298. ల్యాంపు రూం స్వరూప తప్పు లెక్క విని తిరిగి దిగినవారు ఒకరు, బిల్ల 47. ఎక్కలేదు. ఎండ 51.